పచ్చక్క బండికి మెత్తని టైర్లు

పొద్దున్నే పని మొదలుపెట్టే ముందు పచ్చక్క ఆసుపత్రి వెనక మెట్ల దగ్గర చెప్పులు విడుస్తుంది. పచ్చిక అంచున మోకాళ్ల మీద కూర్చుని బొటనవేలితో నేలను నొక్కి చూస్తుంది. వేలు దిగబడి గుంట అలాగే మిగిలిపోతే ఆ పూట బండి బయటికి తీయదు. గుంట మెల్లగా పూడుకుంటే మధ్యాహ్నం దాకా ఆగుతుంది. నేల తన వేలిని వెనక్కి తోసినట్టు అనిపిస్తే మాత్రం లేచి, మోకాళ్లు దులుపుకుని, షెడ్డు తాళం తీస్తుంది. దూరం నుంచి చూసేవాళ్లకి ఎవరికో జ్వరం చూస్తున్నట్టు ఉంటుంది. డ్యూటీ మారే నర్సులు మెట్ల మీద ఆగి నవ్వుతారు.

"ఏంటక్కా, ఇవాళ ఎలా ఉంది మీ పేషెంటుకి?"

"రాత్రి తడిసింది కదా, కాస్త నెమ్ము చేసింది. మధ్యాహ్నానికి లేచి కూర్చుంటుందిలే" అంటుంది పచ్చక్క.

ఆమెకి ఆ పేరు పెట్టింది ఎవరో ఎవరికీ గుర్తులేదు. పచ్చికని చూసుకునే అక్క కాబట్టి పచ్చక్క. ఆమె అత్తగారు కూడా కోడలి మీద కోపం వచ్చినప్పుడు తప్ప అసలు పేరుతో పిలవదు. అందుకని తన అసలు పేరు ఎక్కడైనా వినపడితే పచ్చక్కకి ముందు భయం వేస్తుంది.

అది నడక పోయినవాళ్లు మళ్లీ నడక నేర్చుకునే ఆసుపత్రి. ఎముకలు విరిగినవాళ్లు, ఒక పక్క పడిపోయినవాళ్లు, చాలాకాలం మంచం పట్టి కాళ్ల సంగతే మర్చిపోయినవాళ్లు అక్కడికి వస్తారు. మొదట గదిలో రెండు కమ్మీల మధ్య నిలబడతారు. తర్వాత వరండాలో గోడకి బిగించిన కడ్డీ పట్టుకుని నడుస్తారు. ఆ వరండా నేల అద్దంలా ఉంటుంది. అక్కడ బాగా నడిచినవాళ్లని పచ్చిక మీదికి తీసుకొస్తారు. నేల కాస్త లొంగుతుంది, కాస్త ఎగుడుదిగుడుగా ఉంటుంది, కాలికి ఆలోచన నేర్పుతుంది. పడినా దెబ్బ తగలదు. వరండా చిన్న తరగతి అయితే పచ్చిక పెద్ద తరగతి అని అక్కడి ఫిజియోథెరపీ డాక్టరమ్మ అంటూ ఉంటుంది. అందరూ ఆవిడని నడకల మేడమ్ అంటారు.

పచ్చక్క ఆ వరండాలు తుడిచే పనిలోనే చేరింది. ఫినాయిల్ వాసన ఆమెకి పడేది కాదు, సాయంత్రానికి తల పగిలిపోయేది. ఒకసారి తోటమాలి సెలవు పెడితే తోపుడు మిషనుతో గడ్డి కోయమన్నారు. ఆ రోజు తలనొప్పి రాలేదు. తోటమాలి వెళ్లిపోయాక ఆ పని ఆమెకే మిగిలింది. అప్పటికి అక్కడ ఉన్నది పచ్చిక కాదు, కలుపు, రాళ్లు, మధ్యమధ్య బట్టతల. రాళ్లు ఏరింది. గడ్డి దుబ్బులు తెచ్చి చేత్తో నాటింది. కొన్నేళ్లకి రోగులు కిటికీల్లోంచి చూడటం మొదలుపెట్టారు, ఆ తర్వాత నడకల మేడమ్ ఒకావిడని చెయ్యి పట్టుకుని కిందికి దింపింది. అలా మొదలైంది ఆ పెద్ద తరగతి.

పచ్చిక పెరిగింది, పని పెరిగింది. ఆసుపత్రివాళ్లు ఒక పొలం నుంచి పాత చిన్న ట్రాక్టరు తెచ్చి ఇచ్చారు. మంచం కన్నా కాస్త పొడుగు, అంతే. కింద గడ్డి కోసే పళ్లెం, వెనక ఆకులూ కొమ్మలూ మోసే చిన్న తొట్టి. నడపడం ఎవరు నేర్పాలన్న ప్రశ్న రాలేదు. ఇంట్లోనే ఉన్నాడు గురువు. ముప్పై ఏళ్లు సిటీ బస్సు నడిపి రిటైరైన మనిషి, ఆమె భర్త. ఆయన్ని వీధిలోనూ ఇంట్లోనూ డ్రైవరుగారనే అంటారు. ఆసుపత్రి ప్రహరీ గోడ మీద కూర్చుని ఆయన పాఠం చెప్పాడు.

"అద్దం చూసుకో! అద్దం చూసుకోకుండా బండి కదపకూడదు!"

"దీనికి అద్దాలు లేవండీ."

"లేకపోతే ఉన్నట్టు అనుకో! ఆ... రైట్ రైట్! హోల్డాన్! హోల్డాన్ అంటే ఆపాలి, చెట్టెక్కించడం కాదు!"

యాభయ్యో ఏటికి దగ్గరపడి ట్రాక్టరు నేర్చుకుంది పచ్చక్క. గురువుగారి గొంతు పోయింది గానీ శిష్యురాలికి పని వచ్చింది.

చిక్కల్లా ఆ బండి టైర్లతో వచ్చింది. పొలం నుంచి వచ్చిన బండి కాబట్టి టైర్ల మీద నాలుగు వేళ్ల మందాన ఏటవాలు గట్లు ఉండేవి. దుక్కి నేలని కొరుక్కుంటూ పోవడానికి చేసినవి. ఎండల్లో పరవాలేదు. ఆ ఏడు వానలు వదలకుండా పట్టాయి. బొటనవేలి పరీక్ష చేసి ఎంత ఆగినా, గడ్డి మోకాలి దాకా పెరుగుతుంటే ఎన్నాళ్లని ఆపగలదు? పైపైన ఆరినట్టున్న నేల మీదికి బండి ఎక్కగానే అడుగున ఉన్న తడి బయటపడేది. వెనక చక్రాలు వెళ్లిన చోటల్లా రెండు చాళ్లు. ఆమె వాటిని మట్టి పోసి పూడ్చేది, మళ్లీ పడేవి.

అలాంటి ఒక చాల్లో లెక్కల మాస్టారి చేతికర్ర దిగబడింది.

ఆయన బడిలో లెక్కలు చెప్పే మనిషి. తుంటి విరిగి వచ్చాడు. పచ్చిక మీదికి రావడం ఆయనకి అదే మొదటిసారి. కర్ర కొస గడ్డి కింద కనపడని గుంటలోకి పోయింది, మనిషి ముందుకి తూలాడు. నడకల మేడమ్ నడుముకి కట్టిన పట్టీ పట్టుకుని ఆపేసింది కాబట్టి సరిపోయింది. దెబ్బేం తగల్లేదు. కానీ ఆయన మొహం తెల్లబోవడం పచ్చక్క షెడ్డు దగ్గర్నుంచి చూసింది.

మర్నాడు సూపరింటెండెంటుగారు పిలిచారు. ఆయన అరిచే మనిషి కాదు. అరిచినా బాగుండేది అనుకుంది పచ్చక్క.

"నీ పని బాగాలేదని అనడం లేదమ్మా. అయితే ఇక్కడికొచ్చేది పడకుండా నేర్చుకోడానికి. మనమే పడేస్తే ఎలా? పచ్చిక తీసేసి సిమెంటు పలకలు పరిపిద్దామని అంటున్నారు. శుభ్రంగా ఉంటుంది, చాళ్లు పడవు."

ఆ గదిలోనే నడకల మేడమ్ కూడా ఉంది. ఆవిడ అడ్డుపడింది. "పలకల మీద నడక వరండాలోనే నేర్పుతున్నాం కదా సార్! బయటికెళ్తే లోకమంతా పలకలుండవు" అంది.

"అయితే చాళ్లు పడకుండా చూడండి. అప్పటిదాకా పచ్చిక మీదికి ఎవరూ దిగొద్దు. పలకల మనిషిని వచ్చే వారం కొలతలకి రమ్మంటాను."

పచ్చక్క వాకిట్లోకి వచ్చి ధైర్యం కూడగట్టుకుని మళ్లీ లోపలికి వెళ్లింది. "సార్, తప్పు నేలది కాదు, టైర్లది. మెత్తని టైర్లుంటాయంట. ఒక్కసారి మార్చి చూస్తాను."

"చూడమ్మా. ఒక్కసారి" అన్నారు ఆయన.

ఆ సాయంత్రం ఇంట్లో డ్రైవరుగారు కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. రిటైరయ్యాక ఆయన్ని ఎవరూ సలహా అడగలేదు. ఇప్పుడు సాక్షాత్తూ పెళ్లామే అడిగింది.

"చూడు. బరువంతా ఎక్కడుంది? వెనక. చాళ్లు చేసేదెవరు? వెనక టైర్లు. ముందువి చిన్నవి, అవి ఊరికే దారి చూపిస్తాయి. పైగా నీ బండికి ముందు టైర్లు ఇంకా కొత్తగా ఉన్నాయి. వాటి జోలికెందుకెళ్లాలి? వెనకవి రెండూ మార్చు, చాలు."

"నాలుగూ ఒకటే రకం ఉండాలేమో కదండీ?"

"ముప్పై ఏళ్లు బస్సు నడిపినవాణ్ని నేనా, నువ్వా? ముందు ఒక రకం, వెనక ఒక రకం పెట్టుకుని సిటీ అంతా తిప్పాను. ఏమైంది?"

"ఏమవుతుంది, జనం దిగి తోశారు" అంది గోడవారగా కూర్చుని బటాణీలు ఒలుస్తున్న అత్తగారు.

"అమ్మా, అది ఒక్కసారే!"

పచ్చక్క ఇంకేం వాదించలేదు. ఆయన మాట నమ్మింది, అది నిజం. అంతకన్నా పెద్ద నిజం ఇంకొకటుంది. బాగున్న వస్తువుని పారేయడం ఆమె వల్ల కాదు. చిరిగిన చేతి తొడుగుల వేళ్లు కత్తిరించి మొక్కలకి కట్టే మనిషి. గీత కూడా పడని ముందు టైర్లు పీకి మూల పడేయడమంటే ఆమెకి ప్రాణం ఒప్పలేదు.

టైర్ల షాపు డ్రైవరుగారి పాత స్నేహితుడిది. చుట్టరికం ఏమీ లేకపోయినా వాళ్లిద్దరూ బావా బావా అనుకుంటారు. స్కూటర్లకీ బస్సులకీ టైర్లమ్మే ఆయన ట్రాక్టరు టైర్లు గోడౌన్ నుంచి ప్రత్యేకంగా తెప్పించాడు. షాపు ముందు మూడింటిని దొర్లించుకొచ్చి నిలబెట్టాడు.

"చెల్లెమ్మా, ఇదిగో, ఇది పొలం టైరు. ఇప్పుడు నీ బండికున్నది ఈ రకమే. బురదలో దీన్ని మించింది లేదు. ఇది మధ్య రకం. గట్లు పొట్టి, వెడల్పు. కంకర, రోడ్డు, మట్టి, దేని మీదికైనా పోతుంది, గట్టి చర్మం. ఇది గడ్డి టైరు. చూశావా, గట్లే లేవు, అన్నీ చిన్న చిన్న బిళ్లలు. పక్కకి కూడా వెడల్పెక్కువ. బరువుని పరిచేస్తుంది."

"మధ్య రకం తీసుకో. అన్నిటికీ పనికొస్తుంది" అన్నాడు డ్రైవరుగారు.

పచ్చక్క షాపు పక్కకి వెళ్లింది. అక్కడ కుళాయి కారి నేల చిత్తడిగా ఉంది. "అన్నయ్యగారూ, ఆ మూడూ ఇక్కడ దొర్లించనిస్తారా?"

"దొర్లించు. వట్టి టైరుకి బరువుండదు కదా, ఏం తెలుస్తుంది?"

"మీ బావగారున్నారుగా."

దాంతో డ్రైవరుగారు ఒక్కో టైరు మీద పొట్ట ఆనించి వేలాడాల్సి వచ్చింది. ఒకవైపు షాపాయన, ఇంకోవైపు పచ్చక్క పట్టుకుని నెట్టారు. రోడ్డున పోయేవాళ్లు ఆగి చూశారు. పొలం టైరు నేలలో మెట్లు కోసింది. మధ్య రకం లోతు తగ్గించింది గానీ అంచులు పదునుగా వదిలింది. గడ్డి టైరు వెళ్లిన చోట వెడల్పాటి మరక, దాని మీద చుక్కలు. పచ్చక్క వంగి బొటనవేలితో ఆ చుక్కల్ని తడిమింది. వేలికి అంచు తగల్లేదు.

"ఇదే."

"వాలు సంగతేంటి మరి? ఆకుల తొట్టితో పచ్చిక పక్కనున్న గుట్ట మీది ఎరువు గుంటకి ఎక్కాలన్నావు. ఈ నున్నటి దానికి పట్టు తక్కువ" అన్నాడు షాపాయన.

"తడిగా ఉన్న రోజు గుట్టెక్కను. ఆకులు ఎక్కడికీ పోవు. గుట్ట ఆగుతుంది, పచ్చిక ఆగదు."

"నాలుగూనా?"

"వెనకవి చాలు బావా. ముందువి బ్రహ్మాండంగా ఉన్నాయి" అన్నాడు డ్రైవరుగారు, చొక్కాకి అంటిన మట్టి దులుపుకుంటూ.

"నువ్వు చెప్పాక ఇంకేముంది!"

టైర్లు బిగించాక బండి వెనక కాస్త కూర్చున్నట్టు కనిపించింది పచ్చక్కకి. అదే అంది. కొత్త టైర్లు అలాగే ఉంటాయన్నాడు డ్రైవరుగారు. రింగుకి సరిగ్గా సరిపోయింది కదా అన్నాడు షాపాయన. ఆమె కూడా సరేననుకుంది.

మర్నాడు పచ్చిక మీద ఒక చుట్టు తిప్పి చూసింది. ఎక్కడా చాళ్లు పడలేదు. ఉన్నది వంగిన గడ్డి, అదీ కాసేపటికి లేచింది. పచ్చక్కకి ఎగిరి గంతేయాలనిపించింది. సూపరింటెండెంటుగారిని సాయంత్రం వచ్చి చూడమని కబురు పంపింది. ఈలోగా పేరుకుపోయిన ఆకుల తొట్టి గుట్ట మీదికి చేర్చేద్దామనుకుంది. నేల ఆరింది. అయినా నున్నటి టైర్లు కదా, జారకూడదని సీటు పక్కనున్న చిన్న గేరు కర్ర లాగింది. ఆ కర్ర లాగితే ముందు చక్రాలకి కూడా ఇంజను బలం అందుతుంది. బండి బుద్ధిగా ఎక్కింది. పైన ఎరువు గుంట దగ్గర సిమెంటు గచ్చు. ఆకులు గుమ్మరించి, ఆ గచ్చు మీద బండిని తిప్పబోయేసరికి మొదలైంది గోల. లోపలెక్కడో మూలుగు. స్టీరింగు రాయిలా బిగుసుకుంది. కర్ర వెనక్కి తోయబోతే కదల్లేదు. రెండు చేతులా తోసింది. కాలు పెట్టి తోసింది. ఊహూ.

కింద వరండాలో సూపరింటెండెంటుగారు అప్పటికే వచ్చి నిలబడ్డారు. ఆయన పక్కన నడకల మేడమ్, కిటికీల నిండా మొహాలు. దిగకపోతే ఎలా? పచ్చక్క బండిని అలాగే కిందికి దింపింది. పచ్చిక మీద మలుపు తిప్పింది. ముందు చక్రాల పాత గట్లు గడ్డిని పట్టుకుని చుట్టచుట్టి పక్కకి లాగేశాయి. మలుపు తిప్పిన ప్రతిచోటా చంద్రవంకలా నల్లటి మట్టి తేలింది. చాళ్లే నయం, అవి పూడ్చొచ్చు. ఇవి చర్మం ఒలిచినట్టున్నాయి.

ఆమె బండి ఆపేసి దిగింది. సూపరింటెండెంటుగారు ఒక నిట్టూర్పు విడిచి లోపలికి వెళ్లిపోయారు. ఆ నిట్టూర్పు ఆమెకి ఇరవై అడుగుల దూరంలోంచి వినపడింది.

పచ్చిక పోయినట్టే అనుకుంది పచ్చక్క. బండి కూడా పోయింది, గేరు పెట్టె పగలగొట్టాను అనుకుంది. చంద్రవంకల్ని చూస్తూ మెట్ల మీద కూలబడింది. ఎవరి కాళ్ల కింద మెత్తగా ఉండాలని దుబ్బు దుబ్బూ నాటిందో, దాన్ని తన చేత్తోనే గీకేసింది. రేపోమాపో ఆ పలకల మనిషి టేపు పట్టుకొస్తాడు. ఆ తర్వాత తను మళ్లీ వరండాకే, ఫినాయిల్ బకెట్‌కే. ఏడుపు రాలేదు. వస్తే కాస్త తేలికపడేదేమో.

మెకానిక్‌ని పిలిపించింది నడకల మేడమే. అంబులెన్సులు బాగుచేసే పడుచువాడు. పచ్చక్కని అక్కా అంటాడు. బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. వెనక టైరు ఎత్తు జానలతో కొలిచాడు, ముందు టైరు ఎత్తు కొలిచాడు, షెడ్డులో పడున్న పాత వెనక టైరు కొలిచాడు. తర్వాత సీటెక్కి బండిని రెండడుగులు వెనక్కి పోనిచ్చి, కర్రని ఒక్క వేలితో తోశాడు. అది టక్కుమని జారిపోయింది.

పచ్చక్క నోరు తెరుచుకుని చూసింది. "విరగలేదా?"

"ఏం విరగలేదక్కా. బిగుసుకుంది, అంతే. వెనక్కి వెళ్తే బిగువు వదులుతుంది." అతను కింద మర విప్పి కాస్త నూనె అరచేతిలోకి పట్టి, వెలుతురులో వేలితో రుద్ది చూపించాడు. "చూడండి, ఇనప రజను ఉందా? శుభ్రంగా ఉంది. మీ గేరు పెట్టె నిక్షేపం."

పచ్చక్కకి అప్పుడు ప్రాణం లేచొచ్చింది. అప్పుడే ఏడుపు కూడా వచ్చింది. మెకానిక్ మొహమాటంగా నూనె చెయ్యి తుడుచుకుంటూ పక్కకి చూశాడు.

"మరి ఎందుకలా అరిచింది తమ్ముడూ?"

"మీరూ బావగారూ కాళ్లు కలిపి కట్టుకుని నడుస్తున్నారనుకోండి. ఇద్దరి అడుగులూ కుదిరాయి, బాగా నడుస్తున్నారు. ఒకరోజు మీరు పొట్టి అడుగులేయడం మొదలుపెట్టారు, ఆయనకి చెప్పలేదు. ఏమవుతుంది?"

"ఆయన ఈడ్చుకుపోతారు."

"అదే అయింది. కొత్త వెనక టైరు రింగుకి సరిపోయింది గానీ పాతదానికన్నా పొట్టి. కర్ర లాగగానే నాలుగు చక్రాలూ ఒకే ఇంజనుకి కట్టేసినట్టు. వెనకవి చిన్న అడుగులేస్తుంటే ముందువి ముందుకి పరిగెత్తాయి. మెత్తటి మట్టిలో కాస్త జారి సర్దుకుంటాయి. గచ్చు మీద జారే వీల్లేక లోపల బిగుసుకుపోయింది. గడ్డి మీదికొచ్చాక ఆ కోపమంతా గడ్డి మీదే చూపించాయి. ముందూ వెనకా ఒకే కొలతకి జతకట్టిన టైర్లు వేయాలి. కంపెనీవాళ్లు జతలు రాసే ఉంచుతారు."

ఇంటికెళ్లి ఈ మాట చెప్పేసరికి డ్రైవరుగారు కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. "బస్సుకి ముందు చక్రాలు ఊరికే తిరుగుతాయే. వాటికి ఇంజనుతో పనిలేదు. నాకు అలవాటైన బండి అది" అన్నాడు చిన్న గొంతుతో.

"మీకు తెలిసిందే చెప్పారు. నేను కూడా టైర్లు వేస్టవుతాయనే కదా ఒప్పుకున్నాను!"

"ఇద్దరూ తోడుదొంగలే. లేవండి, ఇప్పుడు దెప్పుకునే టైము కాదు. ఆ టైర్ల వాడు షాపు మూసేస్తాడు" అంది అత్తగారు. అని కొడుకు చొక్కా తనే తెచ్చి ఇచ్చింది.

షాపాయన నెత్తి కొట్టుకున్నాడు. "నాలుగు చక్రాలకీ లాగే బండి అని ఒక్క ముక్క చెప్పలేదేం బావా? నేనూ అడగలేదు, నాదీ తప్పే." జతల పట్టిక చూసి, వెనకవాటికి సరిపడే ముందు గడ్డి టైర్లు తెప్పించి ఇచ్చాడు. తీసేసిన ముందు టైర్లని ఒక కూరగాయల రైతుకి అమ్మించే పూచీ కూడా తనే తీసుకున్నాడు. వాటికి గతి దొరికిందని వినగానే పచ్చక్కకి ఇంకో బరువు దిగింది.

సూపరింటెండెంటుగారి దగ్గరికి మాత్రం ఒక్కతే వెళ్లింది. ఏం జరిగిందో దాచకుండా చెప్పింది. ఆయన విన్నారు. "పలకల మనిషి ఎలాగూ వస్తున్నాడమ్మా. వచ్చిన రోజే చూద్దాం. పచ్చిక మీద మనిషి నడవగలిగితే సరే, లేకపోతే కొలతలు" అన్నారు.

ఆమె షెడ్డు వెనక పెరిగిన గడ్డిని మట్టితో సహా రొట్టె ముక్కల్లా కోసి, చంద్రవంకల్లో అమర్చి, పైన చెక్క పలక వేసి తొక్కింది. నీళ్లు పోసింది. మధ్యలో ఒక వాన పడింది. పలకల మనిషి వచ్చిన రోజు పొద్దున నేల ఇంకా కొంచెం మెత్తగానే ఉంది. ఆమె ఆగలేదు. మెత్తగా ఉన్నప్పుడు నిలిస్తేనే కదా నిలిచినట్టు! పచ్చిక మొత్తం కోసింది, ఎన్నిసార్లు తిరగాలో అన్నిసార్లూ తిరిగింది, వాలు ఆరాక గుట్టెక్కి దిగింది. గేరు కర్ర ప్రతిసారీ వెన్నలో దిగినట్టు దిగింది. ప్రహరీ గోడ మీద డ్రైవరుగారు కూర్చున్నాడు గానీ ఒక్క కేక వేయలేదు. రెండు చేతులూ ఒళ్లో బిగించి పెట్టుకున్నాడు.

పలకల మనిషి టేపు చుట్ట చేతిలో తిప్పుతూ మెట్ల దగ్గర నిలబడ్డాడు. ఎవరు నడవాలన్న మాట రాగానే లెక్కల మాస్టారు చక్రాల కుర్చీలోంచి చెయ్యెత్తాడు.

"పడబోయింది నేను. తప్పు దిద్దుకున్నారో లేదో చూసి మార్కులేయాల్సింది కూడా నేనే."

"భయంగా లేదా మాస్టారూ?" అంది నడకల మేడమ్.

"ఉంది. మీరు పట్టీ గట్టిగా పట్టుకోండి, నేను బయటికి ధైర్యంగా కనిపిస్తాను."

ఆయన దిగాడు. రెండు చేతికర్రలూ ముందు, కాలు వెనక. బండి తిరిగిన జాడ గడ్డి మీద లేతరంగు చారలా కనిపిస్తోంది. ఆయన సరిగ్గా దాని మీదికే నడిచాడు. కర్ర కొస ఆనించాడు, ఆగాడు, బరువు వేశాడు. కొస దిగబడలేదు. ఇంకో అడుగు. చంద్రవంక అతుకు మీద అడుగు. అక్కడ నేల కాస్త ఎత్తుగా ఉంది. ఆయన కాలు దాన్ని తడిమి, లెక్కేసుకుని, దాటింది. టేపు తిప్పే చప్పుడు ఆగిపోయింది. పచ్చిక అవతల అంచున బెంచీ ఉంది. మాస్టారు ఆ బెంచీ దాకా వెళ్లి, మెల్లగా తిరిగి, దాని మీద కూర్చుని, కర్రలు రెండూ ఒళ్లో పెట్టుకున్నాడు.

"నూటికి తొంభై ఐదు" అన్నాడు గట్టిగా. "అక్కడొక అతుకు లేచింది, దానికి ఐదు మార్కులు తగ్గించాను."

కిటికీల్లోంచి చప్పట్లు. నడకల మేడమ్ నవ్వుతూ చెమట తుడుచుకుంది. పచ్చక్క హమ్మయ్య అని పైకే అనేసింది, ఎంత గట్టిగా అందంటే పలకల మనిషి తిరిగి చూశాడు.

సూపరింటెండెంటుగారు మెట్లు దిగి తను కూడా పచ్చిక మీద నాలుగడుగులు వేశారు. బూటు మడమతో చక్రం జాడ మీద నొక్కి చూశారు. తర్వాత పలకల మనిషి భుజం మీద చెయ్యి వేసి, "రండి, కార్లు పెట్టే చోటు చూపిస్తాను. అక్కడ కావాలి మాకు పలకలు" అంటూ అటు తీసుకెళ్లారు.

డ్రైవరుగారు గోడ దిగి వచ్చాడు. భార్యకేసి చూసి, ఏదో గొప్ప మాట అనబోయి, మానేసి, "పద, టీ తాగుదాం. నాకు కాళ్లు వణుకుతున్నాయి" అన్నాడు.

"మీకెందుకు? బండి నడిపింది నేను."

"అందుకే."

క్యాంటీన్ బల్ల దగ్గర ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. ఆమె టీలో రెండు చెంచాల పంచదార ఎక్కువ వేసుకుంది. ఒంట్లో కట్టుకున్న ముడి ఏదో ఒక్కొక్క గుక్కకీ విడిపోతోంది. గడ్డి చీలికలు జుట్టులో ఉన్నాయని డ్రైవరుగారు చెప్పాడు. ఉండనివ్వండి అంది.

లెక్కల మాస్టారు ఆ నెలాఖరుకి ఒక్క కర్రతో ఇంటికి వెళ్లిపోయాడు. వెళ్లేముందు అతుకు చదునైందో లేదో మళ్లీ నడిచి చూసి, మిగిలిన ఐదు మార్కులూ కలిపాడు.

పచ్చక్క ఇప్పటికీ ఆ ఆసుపత్రిలోనే పనిచేస్తోంది. వారానికి రెండుసార్లు గడ్డి కోస్తుంది. పొద్దునా సాయంత్రమూ పచ్చిక మీద నడక నేర్చుకునేవాళ్లు నడుస్తుంటారు.